రిలీవర్ వచ్చేదాకా

రైల్వేలో ప్రైవేట్ నంబర్ అని ఒకటి ఉంటుంది. బయటివాళ్లకి పెద్దగా తెలియదు. నాకు తెలియడానికి కారణం మా నాన్న. ఆయన దక్షిణ మధ్య రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి 2021 ఆగస్టు 31న రిటైరయ్యారు. పక్క స్టేషన్‌తో గానీ, గేటు దగ్గరున్న గేట్‌మేన్‌తో గానీ ఫోన్‌లో ఏదైనా ముఖ్యమైన మాట అనుకున్నప్పుడు అవతలి మనిషి ఊరికే ‘సరే సార్’ అంటే చాలదు. తన దగ్గరున్న షీట్‌లోంచి ఒక నంబర్ చదవాలి. ఇవతలివాళ్లు రాసుకోవాలి. వాడిన నంబర్‌ని కొట్టేయాలి. “గేటు వేశాను, నంబర్ నలభై ఏడు” అన్నాడంటే, వేశాననడానికి నాదీ పూచీ అని అర్థం. ఇప్పుడు మనం రోజుకి పదిసార్లు విసుక్కుంటూ కొట్టే ఓటీపీకి తాత అన్నమాట.

చిన్నప్పుడు సెలవుల్లో రెండు మూడుసార్లు నాన్నతో ఆయన పనిచేసే స్టేషన్‌కి వెళ్లాను. సికింద్రాబాద్ నుంచి కాజీపేట పోయే లైన్లో, భువనగిరి దాటాక వచ్చే చిన్న స్టేషన్. లోపలికి రానిచ్చేవారు కాదు. బయట సిమెంటు బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి వినేవాణ్ణి. పక్క స్టేషన్ మాస్టర్‌తో నాన్న రోజుకి ఎన్నిసార్లు మాట్లాడేవారో లెక్కలేదు. ముఖాలు చూసుకునేది మాత్రం ఎప్పుడో ట్రైనింగ్‌లోనో, ఎవరి పెళ్లిలోనో. అయినా గొంతు వింటే చాలు, ఆయనకి జలుబు చేసిందనీ, ఇవాళ ఇంట్లో ఏదో అయిందనీ చెప్పేసేవారు. మా టీమ్‌లో నేను మూడేళ్లు కలిసి పనిచేసినవాళ్ల గొంతులు నాకు తెలుసు. జలుబు సంగతి మాత్రం తెలియదు. మ్యూట్‌లో ఉంటారు కదా.

నాకు ఎక్కువగా గుర్తుండిపోయింది డ్యూటీ మారే సమయం. వచ్చినాయన్ని రిలీవర్ అంటారు. ఆయన ముందు సంచి కింద పెట్టి, కూజాలోంచి మంచినీళ్లు వంచుకుని తాగేవాడు. అప్పుడు నాన్న మొదలుపెట్టేవారు. ఏ లైన్లో ఏ బండి ఉంది, దేనికి లైన్ క్లియర్ ఇచ్చాం, ఎక్కడ పట్టాల పని నడుస్తోంది, ఏ తాళంచెవి ఎవరి దగ్గరుంది, ప్రైవేట్ నంబర్ల షీట్‌లో చివర వాడింది ఏది. ఇవన్నీ డైరీలో రాసే ఉంటాయి. అయినా నోటితో చెప్పాల్సిందే. ఆయన విని, చూసుకుని, సంతకం పెట్టాక గానీ నాన్న కుర్చీలోంచి లేచేవారు కాదు. చార్జి ఇవ్వడం, చార్జి తీసుకోవడం అంటారు దాన్ని. కొత్త స్టేషన్‌కి బదిలీ అయితే ఇంకా పట్టింపు. ఆ స్టేషన్ నియమాలు చదివాను, నాకు అర్థమయ్యాయి అని రిజిస్టర్‌లో సంతకం చేశాకే సొంతంగా చార్జి.

“రిలీవర్ రాకపోతే?” అని ఒకసారి అడిగాను.

“రాకపోతే ఏముంది, కూసునుడే” అన్నారు.

ఆ కూర్చోవడం ఏంటో 2020 అక్టోబర్ 13 రాత్రి తెలిసింది. ఆ వాన హైదరాబాద్‌లో ఎవరూ మర్చిపోరు. ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. ఉప్పల్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు నీళ్లలో పోయింది. నాన్న రిలీవర్ ఆ రోడ్డు మీదే ఎక్కడో చిక్కుకున్నాడు. పొద్దున ఎనిమిదికి దిగాల్సిన మనిషి సాయంత్రం దాకా దిగలేదు. అమ్మ ఫోన్ చేస్తే “ఇక్కడ బానే ఉంది, బండ్లే లేవు” అని పెట్టేశారట. మర్నాడు ఇంటికి వచ్చి పద్నాలుగు గంటలు పడుకున్నారు.

ఇదంతా చెప్పి రైల్వే కాలం స్వర్ణయుగం అనబోవడం లేదు. వారంలో ఒక రోజు సెలవు ఇవ్వడానికి వచ్చే మనిషిని వాళ్ల భాషలో రెస్ట్ గివర్ అంటారు. ఆ రెస్ట్ గివర్ లేక నాన్న పోగొట్టుకున్న సెలవులు చాలా. మేమందరం లష్కర్ బోనాలకి ఉజ్జయిని మహంకాళి గుడి దగ్గర లైన్లో నిలబడితే ఆయన ఎక్కువసార్లు స్టేషన్‌లోనే ఉన్నారు. రాత్రి డ్యూటీల వల్ల వచ్చిన బీపీ ఇప్పటికీ ఆయనతోనే ఉంది. ఆ ఉద్యోగం నాకొద్దనే ఇంజనీరింగ్‌కి పంపారు. ఆ మాట నాతో నేరుగా ఎప్పుడూ అనలేదు గానీ, అమ్మతో అంటుంటే విన్నాను.

మరి నా ఉద్యోగం. మెట్టుగూడలో మెట్రో ఎక్కితే మారాల్సిన పని లేకుండా రాయదుర్గం దాకా కూర్చుని, అంటే నిలబడి, వెళ్లొచ్చు. మా దగ్గరా చార్జి ఇవ్వడం ఉంది. దాన్ని కేటీ అంటాం. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. మనంతట మనం రాజీనామా చేస్తే రెండు మూడు నెలలు నోటీస్ ఉంటుంది. ఆ చివరి వారాల్లో కేటీ పేరుతో ఓ పది మీటింగులు, అవి రికార్డింగ్ చేసి ఓ ఫోల్డర్‌లో పడేయడం, ఆఖర్న కేక్. ఆ రికార్డింగులు ఎవరైనా మళ్లీ తెరిచి చూసినట్టు నా ఎరుకలో లేదు. అయినా ఓ పద్ధతంటూ ఉంది.

తీసేసినప్పుడు అదీ ఉండదు. 2023 జనవరిలో గూగుల్ 12,000 మందినీ, మైక్రోసాఫ్ట్ 10,000 మందినీ తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు మేం క్యాంటీన్‌లో ఆ వార్తలు క్రికెట్ స్కోరులాగా చదువుకున్నాం. అమెరికాలో కొందరికి పొద్దున్నే మెయిల్ తెరుచుకోకపోతేనే సంగతి తెలిసిందని చదివి ‘అయ్యో’ అనుకున్నాం. అదంతా అక్కడ. 2025 జూలైలో టీసీఎస్ 12,000 మందికి పైగా తగ్గిస్తానన్నప్పుడు మాత్రం ఎవరూ గట్టిగా చదవలేదు.

మా ఆఫీసులో అది ఒక మంగళవారం జరిగింది. మా టీమ్‌లో ఒకాయన ఉండేవారు. నలభైకి దగ్గరలో ఉంటారు. మేమందరం ‘అన్నా’ అనేవాళ్లం. టీమ్‌లో అందరికన్నా పాత మనిషి. ఆ పొద్దున తొమ్మిదిన్నరకి నాకు చాట్‌లో ఒక మెసేజ్ పెట్టారు. “ఆ ఒకటో తారీఖు జాబ్‌ది ఒక ముచ్చట చెప్పాలె, లంచ్ తర్వాత కూసుందాం.” పదింటికి చూస్తే ఆయన పేరు బూడిదరంగులోకి మారింది. పదింబావుకి పేరు మీద నొక్కితే అలాంటి ఉద్యోగి లేరని వచ్చింది. పదకొండింటికి మేనేజర్ అందర్నీ పిలిచి, రాసుకొచ్చిన కాగితం చదివినట్టు నాలుగు వాక్యాలు చెప్పాడు. అతని చేతిలోనూ ఏమీ లేదని ముఖం చూస్తే తెలుస్తోంది. అతని మీద నాకు కోపం లేదు.

అలా వెంటనే తాళం ఎందుకు వేస్తారో నాకూ తెలుసు. కోపంలో ఉన్న మనిషి చేతిలో సర్వర్ తాళాలు ఉంచకూడదు. ఆ జాగ్రత్త తప్పని ఎవరూ అనరు. కానీ తాళాలు తీసుకోవడం వేరు, మనిషిని మాట్లాడనివ్వకపోవడం వేరు. తాళాలన్నీ తీసేసుకుని, ఒక గదిలో కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, “నువ్వు చెప్పాల్సినవి ఏమైనా ఉన్నాయా?” అని ఒక గంట అడిగితే ఏ సెక్యూరిటీ పోతుంది? అడిగితే ఆయన ఏదో అంటాడని, ఏడుస్తాడని భయం. నాకు తోచినంతవరకు అసలు కారణం అదే.

ఇక ఒకటో తారీఖు జాబ్. మా కస్టమర్ కంపెనీ ఒకదానికి ప్రతి నెలా ఒకటిన తెల్లవారుజామున జీతాల ఫైల్ తయారై బ్యాంకుకి వెళ్తుంది. డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, గోడౌన్‌లో పనిచేసేవాళ్లు, వాళ్ల జీతాలవి. ఆ ప్రోగ్రామ్‌లో ఒక చోట పదకొండు నిమిషాలు ఊరికే ఆగమని ఒక లైన్ ఉంది. ఎందుకో పక్కన రాసి లేదు. ఆయన వెళ్లిన మూడో రోజు మీటింగ్‌లో పై టీమ్ నుంచి వచ్చినాయన ఆ లైన్ చూసి నవ్వాడు. “ఎవరో తెలియక పెట్టినట్టున్నారు, తీసేద్దాం, ఫాస్ట్ అవుతుంది” అన్నాడు. అడగడానికి మనిషి లేడు. నేను ఒక్క వారం ఆగమన్నాను.

ఆయన ఫోన్ నంబర్ నా దగ్గర లేదు. మూడేళ్లు పక్కపక్కన పనిచేశాం, రోజుకి ముప్పై మెసేజ్‌లు పెట్టుకున్నాం, అన్నీ ఆఫీసు చాట్‌లోనే. మా టీమ్‌లో ఆరుగురిని అడిగితే ఎవరి దగ్గరా లేదు. చివరికి దొరికింది ఎక్కడో తెలుసా? నైట్ షిఫ్ట్ రోజుల్లో ఆయన్ని ఇంటి దగ్గర దింపే క్యాబ్ డ్రైవర్ దగ్గర. ఆయన్ని అడిగే ఇస్తానని, రెండు నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసి చెప్పాడు.

ఫోన్ చేస్తే ఏం మాట్లాడాలో ముందే అనుకున్నాను. అవసరం పడలేదు. ఆయనే “తిన్నవా తమ్మీ?” అన్నారు. ఆ తర్వాత, “నేనే చేద్దామనుకున్న. నీ నంబర్ లేదు” అన్నారు.

శనివారం స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో కలిశాం. ఆయనుండేది సీతాఫల్‌మండి, నేను మెట్టుగూడ, ఇద్దరికీ దగ్గర. ఆ హోటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు సూట్‌కేసులతో మీద పడుతూ ఉంటారు, తీరిగ్గా కూర్చోవడానికి వీలుండదు. అయినా రెండు గంటలు కూర్చున్నాం. ఐదు చాయ్‌లు. ముందు ఆయన ఉద్యోగం గురించి నేనే ఎత్తాను. నాచారంలో ఫ్లాట్ తీసుకుని ఏడాదైంది, ఈఎంఐ నడుస్తోంది, భార్య స్కూల్లో చెబుతుంది కాబట్టి ఇల్లు గడుస్తుంది, జూన్‌లో పిల్లల ఫీజులు. అంతే చెప్పి ఆపేశారు. “అది నేను చూసుకుంట గని, ఆ పదకొండు నిమిషాలు తీసేసిండ్రా?” అన్నారు.

లేదన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

సంగతి ఏంటంటే, బ్యాంకు వైపు ముందు రోజు లెక్కలు మూసుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. ఆలోపే మన ఫైల్ వెళ్తే వాళ్ల కంప్యూటర్ తీసుకున్నట్టే తీసుకుంటుంది, కానీ పాత తారీఖు వేస్తుంది. మధ్యాహ్నానికి మొత్తం వెనక్కి కొడుతుంది. ఒక దీపావళి ముందు అలా అయింది. పండగ పూట వందలమందికి జీతం పడలేదు. అప్పుడు రాత్రంతా కూర్చుని ఆయన పెట్టిన లైన్ అది. వెంటనే ఇంకో పని మీద పడటంతో కారణం రాయడం మిగిలిపోయింది.

బిల్లు కాగితం వెనక్కి తిప్పి బొమ్మ గీసి చూపించారు. తర్వాత చెప్పింది మాత్రం ఏ కాగితంలోనూ పట్టేది కాదు. “బ్యాంకుల ఒక మేడమ్ ఉంటది. మెయిల్ పెడితే రెండు రోజులు పడ్తది. ఫోన్ చెయ్. చేయంగనే పని చెప్పకు, వాళ్ల బాబు ఎట్లున్నడో అడుగు, మొన్ననే ఆపరేషన్ అయింది. ఎక్కిరించినట్టు కాదు, నిజంగ అడుగు.”

నేను రాసుకున్నాను. ‘బాబు ఆపరేషన్’ అని కూడా.

లేచేటప్పుడు, “మీకేం పట్టిందన్నా ఇదంతా చెప్పడానికి?” అని అడిగాను. ఆయన పర్స్ తీస్తూ, “వాళ్లకు పట్టి కాదు రా. ఒకటో తారీఖు దగ్గరకొస్తుంటే నిద్ర పడ్తలేదు” అన్నారు. చాయ్ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

ఇంటికెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన టీవీ సౌండ్ తగ్గించి పూర్తిగా విన్నారు, అది చాలా అరుదు. “మీకు డైరీ ఉండదా?” అన్నారు. ఉంటుంది నాన్నా, వికీ అంటాం, ఎవరూ రాయరు, రాసినా ఎవరూ చదవరు అన్నాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బాలాసోర్ ఎత్తారు.

2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్‌లైన్లోకి వెళ్లి, ఆగి ఉన్న గూడ్స్‌ని గుద్దుకుంది. దాదాపు 300 మంది చనిపోయారు. అప్పటికి నాన్న రిటైరై రెండేళ్లు కావస్తోంది. ఆ రాత్రి తెల్లారేదాకా టీవీ ముందు కూర్చున్నారు. మధ్యలో ఒక్కసారి “ఆ స్టేషన్ మాస్టర్...” అని ఆగిపోయారు. తర్వాత విచారణలో తేలింది వేరే. అక్కడి సిగ్నల్ సర్క్యూట్‌లో ఎప్పుడో గతంలో చేసిన మార్పులో లోపం ఉంది. ఆ రోజు గేటు బ్యారియర్ మార్చే పనిలో ఇంకో లోపం జరిగింది. ఈ రెండూ కలిశాయని ప్రభుత్వమే ఆ జూలైలో పార్లమెంటుకి చెప్పింది.

“ఎవడో ఎప్పుడో మార్చిండు. తర్వాత వచ్చినోనికి ఎరుక లేదు” అన్నారు నాన్న. అంతకుమించి దాన్ని లాగలేదు. మాది జీతాల ఫైలు, అక్కడివి ప్రాణాలు. రెండింటినీ ఒక గాటన కట్టడం నాకూ ఇష్టం లేదు. కానీ ఆ పదకొండు నిమిషాల లైన్ చూసి నవ్వినాయన ముఖం మాత్రం నాకు గుర్తొచ్చింది.

అప్పుడే నాన్న తన ఆఖరి రోజు గురించి చెప్పారు. నేను అడగలేదు, ఆయనంతట ఆయనే. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిటైర్మెంట్ నెలాఖరు రోజునే ఉంటుంది కదా. కరోనా రోజులు, మాస్కులేసుకుని నలుగురు వచ్చారు, దండ వేశారు, మిఠాయి డబ్బా ఇచ్చారు. ఇది ఫొటోల్లో చూశాను. ఫొటోల్లో లేనిది ఏంటంటే, ఆ దండతోనే కూర్చుని రిలీవర్‌కి చార్జి ఇచ్చారు. డైరీలో రాసినవన్నీ చెప్పాక, రాయనిది ఒకటి చెప్పారు. రెండో గేటు దగ్గరున్న గేట్‌మేన్‌కి షుగర్ ఉంది, రాత్రి రెండు గంటలప్పుడు నీరసపడతాడు, బండి లేకపోయినా ఆ టైమ్‌కి ఒకసారి ఊరికే ఫోన్ చెయ్యి.

“చేశాడా మరి?”

“చేసిండు. గేట్‌మేనే నాకు ఫోన్ చేసి చెప్పిండు. ‘సార్, మీరు పోయినా ఫోన్ ఆగలేదు’ అని.”

వంటింట్లోంచి అమ్మ ఇదంతా వింటోంది. “స్టేషన్ చార్జి ముప్పై ఏండ్లు ఇచ్చిండు, తీసుకుండు. ఇంటి చార్జి ఒక్కనాడన్న తీసుకుండా అడుగు మీ నాన్నను” అంది. నాన్న టీవీ సౌండ్ మళ్లీ పెంచారు.

అమ్మ మాటలో అబద్ధం లేదు. పోయినేడాది అక్క పురుడికి అమ్మ మూడు వారాలు పుణె వెళ్లింది. వెళ్లే ముందు ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. పాలు లీటరున్నర, మంగళవారం అర లీటరే. గ్యాస్ బుక్ చేయడానికి ఏ ఫోన్ నుంచి చేయాలి. నాన్న బీపీ మాత్ర టిఫిన్‌కి ముందా తర్వాతా. మునిసిపాలిటీ నల్లా ఏ రోజు వస్తుంది. కింద చివర్న, “పక్కింటి మామ్మ ఒక్కతే ఉంటది, పొద్దున తలుపు తీసిందో లేదో చూడు” అని ఉంది. ఆ మామ్మ తలుపుని అమ్మ రోజూ చూస్తుందని నాకు గానీ నాన్నకి గానీ అప్పటిదాకా తెలియదు. మూడు వారాలు నేను చూశాను. ఒకరోజు ఎనిమిదైనా తీయకపోతే గుండె ఝల్లుమంది. బెల్ కొడితే విసుక్కుంటూ వచ్చింది. ఏకాదశి అట, పూజలో ఉందట.

ఒకటో తారీఖు వచ్చింది. పదకొండు నిమిషాలు అలాగే ఉంచాను. పక్కన కారణం రాశాను, అడ్డంగా నాలుగు లైన్లు, ఆయన పేరుతో సహా. కోడ్‌లో వెళ్లిపోయినవాళ్ల పేర్లెందుకు అని రివ్యూలో ఒకరు అడిగారు. ఉండనీ అన్నాను. ఉంది. బ్యాంకు మేడమ్‌కి ఫోన్ చేసి బాబు గురించి అడిగితే ఆవిడ ముందు గతుక్కుమంది, తర్వాత పది నిమిషాలు మాట్లాడింది. పిల్లాడు బాగున్నాడు, స్కూల్‌కి వెళ్తున్నాడు.

అన్నకి జూలైలో ఉద్యోగం వచ్చింది. జీతం కొంచెం తక్కువ, ఆఫీసు ఇంకా దూరం. సికింద్రాబాద్ వైపున్న మేం నలుగురం ఇప్పుడు ఒకరి ఫోన్ నంబర్లు ఒకరం రాసిపెట్టుకున్నాం, ఇంట్లోవాళ్ల నంబర్లతో సహా.

మా టీమ్‌లోకి పోయిన నెల వరంగల్ నుంచి ఒక అమ్మాయి కొత్తగా చేరింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చింది, ప్రతిదీ అడుగుతుంది. ఆ నాలుగు లైన్లు చదివి, “ఈ పేరెవరిది సార్, డైరెక్టరీలో లేరే” అంది. చెప్పాను. కాసేపు ఆలోచించి, “ఆయన్ని ఇంకో డౌట్ అడగొచ్చా? లీప్ ఇయర్ వస్తే ఇది ఏం చేస్తుంది?” అంది. నాకూ తెలియదు. అన్నకి మెసేజ్ పెట్టి, మీకు ఇబ్బంది లేకపోతేనే అని అడిగాను. లంచ్ టైమ్‌లో ఆయనే ఫోన్ చేశారు. ఆ అమ్మాయికిచ్చాను. “నమస్తే సార్” అని మొదలుపెట్టింది. అవతల్నుంచి ఆయన ఏమన్నారో గానీ, “తిన్నాను సార్, ఇప్పుడే” అని నవ్వింది. నేను చాయ్ తెచ్చుకోవడానికి లేచాను.